అవ్వ చేతి ద్రాక్ష షర్బత్

ద్రాక్ష నిమ్మ షర్బత్‌కి మిక్సీ పనికిరాదు. చేత్తోనే పిసకాలి. తొక్క ఊడిరావాలి, గుజ్జు నీరవ్వాలి, లోపలి గింజ మాత్రం నలగకూడదు. నలిగిందా, ఇక ఎంత చక్కెర పోసినా నాలుక మీద చేదు పోదు. ఈ ముక్క ఇప్పుడు ఎవరడిగినా పెద్ద తెలిసినదానిలా చెబుతాను. ఎట్లా నేర్చుకున్నావంటే మాత్రం మాట మారుస్తాను. చెప్పుకుంటే సిగ్గుచేటు.

మాది అలియాబాద్. శామీర్‌పేట దాటి కరీంనగర్ రోడ్డు మీద వస్తుంటే తగిలే ఊరు. మా చర్చి రేకుల కప్పుది. గుడ్ ఫ్రైడే నాడు పన్నెండు గంటల నుంచి మూడింటి దాకా, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల ఆరాధన. ఏడుగురు మాట్లాడతారు. ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలంటారు గానీ మైకు చేతికందాక గడియారం వైపు చూసే మనిషిని నేనింతవరకు చూడలేదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టని వాళ్లం, ఆ రేకుల కింద ఉడికి ఉడికి నాలుగింటికి బయటపడేవాళ్లం. గుమ్మం పక్కన వేపచెట్టు కింద తడిగుడ్డ చుట్టిన కొత్త కుండ ఉండేది. దాని పక్కన ముంత పట్టుకుని అవ్వ నిలబడి ఉండేది.

అవ్వ నాకు చుట్టం కాదు. సంఘమంతటికీ అవ్వే. చర్చి వెనక రెండు గదుల ఇంట్లో కూతురి దగ్గర ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్షతోటల్లో గెలలు కోసింది. ఆ తోటల్లో సగానికి పైగా ఇప్పుడు ప్లాట్లయిపోయాయి గానీ, మిగిలిన ఒకటి రెండు తోటలవాళ్లు గుడ్ ఫ్రైడే ముందురోజు అవ్వకు గంపెడు నల్లద్రాక్ష పంపుతూనే ఉండేవాళ్లు. పొద్దున్నే చర్చి ఆవరణలో కూర్చుని పెద్ద గిన్నెలో ద్రాక్ష పోసుకుని మోచేతుల దాకా ముంచి పిసికేది. పలచటి గుడ్డలో వడగట్టి, నిమ్మకాయలు పిండి, చక్కెర, కొంచెం నల్లుప్పు, నలిపిన పుదీనా, నానిన సబ్జా గింజలు వేసి కుండలో పోసేది. కొలతలు లేవు. వేలు ముంచి చూసేది కూడా కాదు, ఉపవాసం కదా. వాసనతోనే చెప్పేసేది చాలని.

ఉపవాసం ఉన్నవాళ్ల గొంతు ముందుగా ఆ షర్బత్‌తోనే తడవాలన్నది మా దగ్గరి పద్ధతి. ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. అందరికీ పోశాక చివరి గ్లాసు అవ్వ తాగేది. ఆమెకు చదువు రాదు, వాక్యం చదవమని ఎవరూ పిలవరు. గొంతు కీచుగా ఉంటుందని పాటల్లో ముందు నిలబెట్టరు. ముందు వరస కుర్చీల్లో కూర్చోబెట్టిన వాళ్లూ లేరు. ఆ సంఘంలో ఆమెకంటూ ఉన్నది ఆ కుండ ఒక్కటే. ఇది నాకు అప్పుడు తెలియదా అంటే, తెలుసు. తెలిసే చేశాను.

నేను మందుల కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేస్తాను. గాజులు తీయాలి, జుట్టు టోపీలో దూర్చాలి, చేతులు ఎన్నిసార్లు కడగాలో గోడమీద బొమ్మలు వేసి ఉంటాయి. గోరు కాస్త పెరిగితే గేటు దగ్గరే ఆపేస్తారు. పన్నెండేళ్లు అక్కడ పనిచేసేసరికి నాకు ఇంట్లోనూ అదే పిచ్చి పట్టింది. మా ఆయన అన్నం కలుపుకుంటుంటే వేళ్లకేసి చూసేదాన్ని. పాపం ఆయన చెంచా అలవాటు చేసుకున్నాడు. దానికి తోడు నా నోరు. అనాల్సింది అనేశాక గానీ ఆలోచన రాదు నాకు.

మూడేళ్ల కింద చర్చి స్త్రీల సమాజానికి నన్ను కార్యదర్శిని చేశారు. ఇంకేం, కొమ్ములొచ్చాయి. ఆ గుడ్ ఫ్రైడే పొద్దున మేడ్చల్‌లో మెడికల్ షాపు నుంచి తెచ్చిన గ్లౌజులు పట్టుకుని చర్చికి పోయాను. అప్పటికే అవ్వ గిన్నె ముందు కూర్చుని ఉంది. చూపుడు వేలికి చిన్న గుడ్డపేలిక చుట్టి ఉంది. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. దెబ్బ కాదు, వేలు ఒరుసుకుపోకుండా ఎప్పుడూ చుట్టుకుంటుందని తర్వాత తెలిసింది. అడిగితే అప్పుడే తెలిసేది.

గ్లౌజులు వేసుకోమన్నాను. నవ్వుతూ వేసుకోబోయింది. కీళ్లు వాచిన ఆ వేళ్లు అందులో దూరలేదు. ఒకటి చిరిగింది. రెండోది సగం దాకా ఎక్కించుకుని పిసకబోతే ద్రాక్షలు జారిపోయాయి. చుట్టూ ఏడెనిమిది మంది ఆడవాళ్లున్నారు. అందరి ముందూ నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అవ్వా, నీ చేతులు చూస్కున్నవా? గీ చేతుల్తోని పిసికింది నలుగురు ఎట్ల తాగుతరు?"

ఒక్కరు నా నోరు మూయించినా బాగుండేది. అవ్వ లేచి కుళాయి దగ్గరకు పోయింది. సబ్బుతో ఒకసారి, ఉత్త నీళ్లతో రెండుసార్లు కడుక్కుంది. వచ్చి, బడిపిల్లలు పంతులమ్మకు చూపించినట్టు, రెండు అరచేతులూ తిప్పి తిప్పి నాకు చూపించింది. నేను సరిగా చూడను కూడా చూడలేదు. ఈసారికి మిక్సీలో వేస్తాలే, నువ్వు కూర్చో అని గిన్నె లాక్కున్నాను. "గింజ..." అని ఏదో చెప్పబోయింది. నాకు తెలుసులే అవ్వా అన్నాను. ఏం తెలుసు నా మొహం!

మిక్సీ గర్రుమని తిరిగింది. గింజలూ తొక్కలూ ఏకమై చిక్కటి రసం వచ్చింది. రంగు చూసి మురిసిపోయాను కూడా. వడగట్టి, నిమ్మకాయలు పిండి, చక్కెర కలిపి మూతపెట్టాను. ఆరాధన అయ్యేదాకా అది అట్లాగే నిలవుంది. నాలుగింటికి టోపీ పెట్టుకుని, చేతులకు గ్లౌజులు తొడుక్కుని, కాగితం గ్లాసుల్లో నేనే పోశాను. మొదటి గుక్క తాగినవాళ్ల మొహాలు చూడాలి. పాస్టరు అయ్యగారు మర్యాదకు సగం తాగి గ్లాసు కిటికీలో పెట్టేశారు. ఏమ్మా, కంపెనీల మందు గిట్ల కలిపినవా అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, లోపల కుతకుత ఉడికిపోతూ. చక్కెర డబ్బా మొత్తం బోర్లించాను. చేదు పోలేదు.

అవ్వ వరసలో నిలబడింది. ఎప్పుడూ పోసే మనిషి, ఆ రోజు చెయ్యి చాచి తీసుకుంది. చివరి చుక్క దాకా తాగి, మంచిగున్నది బిడ్డా అంది. ఎత్తిపొడుపనుకున్నాను ఆ పూట. ఇంటికొచ్చి మా ఆయన ముందు నానా మాటలన్నాను. ఆయన విని విని, వెక్కిరించే మనిషైతే పూర్తిగా తాగేదా అన్నాడు. మర్నాడు మిగిలిన ద్రాక్ష ఒకటి నోట్లో వేసుకుని గింజ కొరికాను. అప్పుడర్థమైంది, ఆమె ఏం చెప్పబోయిందో.

వెంటనే పోయి ఒక్క మాట అనుంటే సరిపోయేది. చర్చి వెనకే ఇల్లు. ప్రతి ఆదివారం వందనాలు అవ్వా అనేదాన్ని, వందనాలు బిడ్డా అనేది. ఆ రెండు మాటల తర్వాత మూడో మాట నా నోటికి వచ్చేది కాదు. అనవసరమైనవన్నీ అనే నోరు కదా, కావాల్సినప్పుడు మూగబోయింది. ఈ ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ ఏడాది గడిపేశాను. మళ్లీ గుడ్ ఫ్రైడే దగ్గరికొచ్చింది. ఈసారి అవ్వతోనే చేయిద్దామని మీటింగులో నేనే అన్నాను. అందరూ సరేనన్నారు. పోయి పిలిచే పని నా మీదే పడింది. పడాల్సిందే.

పొద్దుటి షిఫ్టు దిగి మధ్యాహ్నం నేరుగా పోయాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. అవ్వ గడపలో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి, కుర్చీ కొంగుతో తుడవబోయి, ఆగి, నన్నే దులుపుకుని కూర్చోమంది. నేను నిలబడే చెప్పేశాను. తప్పయింది అవ్వా, ఆ రోజు నోటికొచ్చింది వాగాను, ఈసారి కుండ నువ్వే పెట్టాలి, అందరూ నీ షర్బతే అడుగుతున్నారని. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆమె నా మీద కోపగించుకోలేదు. తిట్టినా బాగుండేది.

"తప్పేముంది బిడ్డా, సదువుకున్నదానివి, ఉన్నదే చెప్పినవ్. నా చేతులు గట్లుంటయని నాకిన్నేండ్లు తెల్వకపాయె. అందరికి తాగిపిచ్చిన, గదే బాధ."

అట్లా కాదవ్వా, అట్లా కాదు అంటూనే ఉన్నాను. ఆమె వినలేదు. ఇప్పుడు మనవలకు కూడా ముద్దలు కలిపి పెట్టడం లేదని, కూతురే పెడుతోందని మామూలుగా చెప్పింది. ఎండన పడి వచ్చానని, నన్ను కూర్చోబెట్టి తనే ఎదురుగా ఉన్న కిరాణా దుకాణానికి పోయింది. చల్లటి నిమ్మకాయ డ్రింకు సీసా ఒకటి తెచ్చింది. దాన్ని కొంగులో చుట్టి పట్టుకుంది, చెయ్యి తగలకుండా. కుర్చీ పక్కన స్టూలు మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

తాగకపోతే ఏమనుకుంటుందో తెలుసు కనుక మూత తిప్పాను. టక్కుమని సీలు తెగింది. ఆ చప్పుడు విన్నాక అవ్వ మొహం తేటపడింది.

"సూసినవా బిడ్డా," అంది, "ఎవ్వలు ముట్టలే. తాగు."