స్విండన్ రైల్లో ఒక తమ్ముడు

ఆ శనివారం సాయంత్రం లండన్ వెళ్లడానికి స్విండన్‌లో రైలెక్కాను. పక్క సీట్లో ఒక కొరియా కుర్రాడు ఫుట్‌బాల్ బూట్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పులిహోర డబ్బా ఇస్తే రెండు చేతులతో అందుకుని, "మీ వయసెంత?" అని అడిగాడు. ఈ దేశం వచ్చాక నన్నెవరూ అలా అడగలేదు. ముప్పై ఒకటన్నాను.

"నాకు పంతొమ్మిది. మేం పెద్దవాళ్లని పేరు పెట్టి పిలవం. మిమ్మల్ని 'హ్యొంగ్' అంటాను. అంటే అన్నయ్య."

"మేమూ అంతే," అన్నాను నవ్వుతూ.

"అన్నయ్యా, మా క్లబ్బువాళ్లు నాలుగు నెలలు బెంచీ మీదే కూర్చోబెట్టారు. ఇవాళ మొదటిసారి ఆడించారు. పన్నెండు నిమిషాలు. మా ఊళ్లో ఇప్పుడు అందరూ నిద్రపోతుంటారు. ఇంకా ఎవరికీ చెప్పలేదు."

"నాకు చెప్పు."

ఆ పన్నెండు నిమిషాల ఆట చెప్పడం పూర్తయ్యేసరికి లండన్ వచ్చేసింది.