కంప్యూటర్‌లో గంజితొట్టి

తిరుత్తణి నుంచి రైల్లో తిరువళ్ళూరు వెళ్లి ఒక కంపెనీ కంప్యూటర్ గదిలో పనిచేస్తాను. అక్కడ తెలుగువాళ్లం ఇద్దరమే, నేనూ మా మేనేజరూ. ఇద్దరిదీ పొదటూరుపేటే, మగ్గాల వీధే. పడుగు నూలుకు పట్టించాల్సిన గంజంతా తన చొక్కాకే పట్టిస్తాడని, మనిషికంటే ముందు చొక్కా చప్పుడు వస్తుందని, ఊళ్లో ఆయన పేరు గంజితొట్టి. తమిళవాళ్ల మధ్య ఈ మాట ఎవరికి తెలుస్తుందన్న ధైర్యంతో దాన్నే ఇంగ్లీషు అక్షరాల్లో నా పాస్‌వర్డ్‌గా పెట్టుకున్నాను.

కాన్పు సెలవులో ఉండగా ఆఫీసు నుంచి కబురొచ్చింది. నేను రాసిన ప్రోగ్రామ్ కావాలట, పాస్‌వర్డ్ చెప్పమన్నారు. కాన్పయ్యాక మరిచిపోయానని చెప్పి పంపాను. అయితే మద్రాసు నుంచి ఇంజనీరును పిలిపించి మిషన్‌లోంచే తీయిస్తామని మేనేజరు తిరుగు కబురు పంపాడు.

సెలవు కాగానే మళ్లీ చేరాల్సింది ఆయన కిందే. ఆ మాట ఆయన కంటపడితే ఇంక నేను ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలి? వాళ్లకంటే ముందే వెళ్లి మార్చేద్దామని పొద్దున్నే రైలెక్కాను. గాలి తగులుతుందని పాపకు టవల్ మీద టవల్ చుట్టాను. ఊపిరాడుతోందో లేదోనని ప్రతి స్టేషన్లోనూ విప్పి చూశాను.

వెళ్లేసరికి ఇంజనీరు నా కుర్చీలో ఉన్నాడు. వెనకే మేనేజరు.

"బిడ్డనెత్తుకోని ఎందుకొచ్చినావమ్మా? ఈయన తీసేస్తాడు గదా."

తీయడం ఎవరివల్లా కాదని ఇంజనీరు తమిళంలో చెప్పాడు. మిషన్ అసలు మాటను దాచుకోదట. దాన్ని దంచి పిండి చేసి, ఆ పిండినే దాచుకుంటుందట. మనం మళ్లీ టైపు చేసినప్పుడు దాన్నీ అలాగే దంచి, రెండు పిండులూ ఒకటేనా అని చూస్తుందట. పిండిని తిరిగి గింజలు చేయలేం. పాతది తెలియకపోయినా కొత్తది పెట్టేస్తానన్నాడు.

తిరుత్తణి కొండమీది స్వామే ప్యాంటు వేసుకుని వచ్చినట్టనిపించింది.

మేనేజరు ఒప్పుకోలేదు. "యాడో ఒకచోట ఉంటాది లేబ్బా. సరే, గింజలేవో మనమే ఊహించి దంచి చూస్తే?"

అదే తమిళంలో అడిగితే, అలా చూడొచ్చన్నాడు ఇంజనీరు. స్వామి మళ్లీ మామూలు మనిషైపోయాడు.

"బిడ్డకు పెట్టాలనుకున్న పేరు కొట్టండి," అన్నాడు మేనేజరు. కాదంది. మా ఆయన పేరు, మా అత్త పేరు, కొండమీది స్వామి పేర్లన్నీ అయ్యాయి. టైపిస్టులు కూడా లేచొచ్చి తలా ఒక పేరు చెప్పారు.

"కొత్తది పెట్టేయమనండి సార్, పాపకు ఆకలి," అన్నాను. పాప గాఢంగా నిద్రపోతోంది.

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"ఏమ్మా, మన ఊరి మాటా?"

నేను టవల్ సర్దాను.

ఆయన ఇంజనీరును లేపి, చొక్కా కరకరలాడుతుండగా కూర్చుని, ఒంటి వేలితో ఒక్కో అక్షరం నొక్కాడు. కాదంది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒక అక్షరం మార్చి మళ్లీ నొక్కాడు. తెరుచుకుంది.

అదేం మాటని ఇంజనీరు అడిగాడు. మా ఊరి దేవుడి పేరని మేనేజరు తమిళంలో చెప్పి, నావైపు తిరిగాడు.

"మార్చుకోమ్మా. ఊరంతా తెలిసిన మాటను ఎంత దంచితే ఏం లాభం?"

కొత్తది టైపు చేస్తుంటే ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఈసారి నేనేం పెడతానోనన్న భయం నాకంటే ఆయనకే ఎక్కువ ఉన్నట్టుంది.