తీగ తెంపితే ఏమవుతుంది?

చాలా ఏళ్లుగా డిప్లొమా పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు చెబుతున్నాను. వోల్టేజ్ సోర్స్ గురించి నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. కరెంట్ సోర్స్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం బోర్డు మీద బొమ్మ వేసి, నిర్వచనం రాయించి, గబగబా దాటేసేదాన్ని. నాకే సరిగా అర్థం కాలేదని ఒప్పుకునే ధైర్యం ఉండేది కాదు.

ఈ ఏడు న్యాల్‌కల్ నుంచి షేర్ ఆటోలో వచ్చే ఒక అమ్మాయి మొదటి బెంచీలోంచి లేచింది.

"మేడం, కరెంట్ సోర్స్ ఎప్పుడూ గంతే కరెంట్ ఇస్తదన్నరు గదా. మరి తీగ తెంపితే? ఆ కరెంట్ ఎటు పోతది?"

నాకు తెలియదు. ఆ తెలియనితనం కోపమై బయటికొచ్చింది.

"సిలబస్‌ల లేనియి అడగకు. కూసో."

క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి ఆమె చివరి బెంచీకి మారింది. మళ్లీ ఏదీ అడగలేదు. హాజరు పిలిచేటప్పుడు ఆ వైపు చూడాలంటే నాకు సిగ్గేసేది. నా మూలంగా ఒక పిల్ల అడగడం మానేసింది.

దసరా అయ్యాక అమ్మకు జ్వరం ముదిరితే దవాఖానలో చేర్చాను. మొదటి రోజు స్టాండుకు సెలైన్ సీసా వేలాడదీశారు. అమ్మ చేయి మడిస్తే చుక్కలు మెల్లబడేవి, చాపితే మళ్లీ వేగం. సీసా ఎత్తు మాత్రం మారేది కాదు. ఊరికే చూస్తూ కూర్చుని, తోసే ఒత్తిడి మారదు, పారేదే మారుతుంది, ఇది వోల్టేజ్ సోర్సే కదా అనుకున్నాను.

రెండో రోజు మందును సిరంజి పంపుకు పెట్టారు. గంటకు ఇంత అని నర్సమ్మ అంకె నొక్కి వెళ్లింది. మధ్యాహ్నం అమ్మ నిద్రలో మోచెయ్యి మడిచింది. పంపు మాత్రం తోయడం మానలేదు. కాసేపటికి కీచుమని అరిచింది. నేను అదిరిపడ్డాను. చూస్తే సూది దగ్గర అమ్మ చేయి ఉబ్బి ఉంది.

నర్సమ్మ పరుగున వచ్చి చేయి చాపించింది. "దారి బందైందక్కా. మిషిన్‌కు గదేం ఎరుక? గంటకు గింత పోవాలె అని పెట్టినం, పోకపోతే ఇంకా జోరుగ నూకుతది. మరీ ఎక్కువైతే ఆగి ఒర్లుతది."

మంచం అంచున కూర్చుని పంపు వైపు చూశాను. ఇదే కరెంట్ సోర్స్. తీగ తెంపితే కరెంట్ ఎటూ పోదు. ఎలాగైనా పంపాలని వోల్టేజ్ పెరుగుతూ పోతుంది, ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి కాలిపోయేదాకా. ఆ పాఠంలో అడగవలసిన ప్రశ్న అదొక్కటే. దాన్ని అడిగిన పిల్లనే నేను కూర్చోబెట్టాను.

అమ్మను ఇంటికి తెచ్చాక, సోమవారం క్లాసులో అంతా చెప్పాను. సీసా, పంపు, అమ్మ ఉబ్బిన చేయి, అన్నీ. చివరి బెంచీ వైపు చూసి, "ఆ రోజు నువ్వు మంచిగనే అడిగినవ్. నాకే రాక నిన్ను కూసోమన్న" అన్నాను. ఎవరూ నవ్వలేదు. ఆమె తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉంది. ఇక అడగదులే అనుకున్నాను.

గంట కొట్టాక అందరూ వెళ్లిపోయినా ఆమె బెంచీ దగ్గరే నిలబడింది.

"మేడం, అమ్మకు చెయ్యి వాపు తగ్గిందా?"

అది కూడా సిలబస్‌లో లేదు. పుస్తకం మూసి, చివరి బెంచీలో ఆమె పక్కన కూర్చుని, అమ్మ సంగతి మొత్తం చెప్పాను.