అత్తమ్మకు నచ్చని కామలు

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో మనకు తెలియనిది లోకంలో ఏదీ లేదనిపిస్తుంది. గద్వాలలో పుట్టి, డిగ్రీ చదివి, అచ్చంపేట పక్క పల్లెకు కోడలిగా వచ్చిన నాకు మరీ ఎక్కువగా అనిపించేది. రెండో నెలలోనే అత్తమ్మ గొడ్డలి కామ విరిగింది. (కామ అంటే చేత్తో పట్టుకునే కర్ర. ఆ మాటా నాకు అక్కడే తెలిసింది.) గ్యాస్ ఉన్నా రొట్టెలకూ, స్నానాల నీళ్ళకూ మాది కట్టెల పొయ్యే. మా ఆయన ఊళ్ళో లేడు. "కట్టె ముక్కనే గద అత్తమ్మా, నేను తెస్త" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

అచ్చంపేటకు బస్సులో పోయి, దుకాణంలో అన్నిటికంటే నున్నగా మెరుస్తున్నది తెచ్చాను. అత్తమ్మ ఒక కన్ను మూసి, కామను రెండో కంటికి ఆనించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది. "ముద్దుగనే ఉంది బిడ్డా. కాని నార అడ్డం పోయింది. రెండు దెబ్బలకు ఇరుగుతది." మళ్ళీ పోయాను. రెండోదాన్ని నా చేతిలో పెట్టి, వేళ్ళు మూయించి, "లావుంది, పిడికిట్ల పడ్తలేదు" అంది. మూడోదానికి నడుమ ముడి ఉందట. నాలుగోసారి దుకాణాయన దండం పెట్టినంత పని చేశాడు. "మీ అత్తమ్మనే తోల్కరా అక్కా. నాతోని కాదు."

ఆ నాలుగోది పచ్చి కట్టె అట. ఎండితే గొడ్డలి ఊడుతుందట. నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తమ్మ చేనుకు పోగానే దాన్ని నేనే గొడ్డలికి దిగగొట్టి, మొద్దు మీద మూడు దెబ్బలు వేశాను. కట్టె ఎండేదాకా కూడా ఆగలేదు గొడ్డలి. మూడో దెబ్బకు గొడ్డలి గోడ దాటి పక్కింటి బర్రె కుడితి తొట్టిలో పడింది. పక్కింటామె దాన్ని కడిగి మరీ తెచ్చి, "గిది మీదేనా?" అని అడిగింది. సంగతి తెలిసి అత్తమ్మ నా అరచేతులు తిప్పి చూసి పోయింది. తిట్టినా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే నన్ను వడ్రంగం చేసే వడ్లాయన దగ్గరికి తీసుకుపోయింది. నీడన ఆరిన చిరుమాను కట్టె ఒకటి ఏరి చెక్కించడం మొదలుపెట్టింది. "ఇంక జర తీయి" అని ఆయనతో, "పట్టుకో" అని నాతో. ఆయన తీయడం, నేను పట్టుకోవడం. కింది కొస జారకుండా కొంచెం ఉబ్బుగా ఉండాలట, నడుమ సన్నగా వంపు తిరగాలట. మధ్యాహ్నం దాటింది. ఆకలికి నా ఓపిక అయిపోయింది.

"కట్టెలు కొట్టేది మీరు గద అత్తమ్మా, నన్నెందుకు పరేషాన్ చేస్తరు?"

ఆమె వింతగా చూసింది. "నాకెందుకు బిడ్డా? నా చేతికి ఏ కట్టె అయినా నడుస్తది. నీయి చిన్న చేతులు. బొబ్బలొస్తె ఎట్ల?"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిరుగుదారిలో సగం దూరం వచ్చాకగాని అసలు సంగతి వెలగలేదు. అంటే, ఇకనుంచి కట్టెలు కొట్టేది నేను.

ఇంటికి వచ్చి కోపంగా మొద్దు నిలబెట్టి కొత్త కామతో ఒక్కటేశాను. రెండు చెక్కలైంది. చేతికి అదురు కూడా తెలియలేదు. తప్పు పట్టడానికి ఏమీ దొరకక నా కోపం ఇంకా పెరిగింది.

"ఎట్లుంది బిడ్డా?"

"ఏదో ఉంది."

అత్తమ్మ పోయి నాలుగేళ్ళైంది. బాగుందని ఒక్క మాట అంటే ఏం పోయేదో ఆ గద్వాల పిల్లకు. ముఖం ముడుచుకుని కట్టెల కుప్పంతా కొట్టేసింది. ఆమె మాత్రం, కోడలు ఆ మాట అన్నట్టే, అరుగు మీద కూర్చుని అంతసేపూ నవ్వుకుంటూనే ఉంది.