అనిరుద్ధ దగ్గర ఆగిన టీవీ

ముందుగా శ్రీమన్నారాయణుడికి నా సాష్టాంగం. నోరిచ్చి, ఆ నోట పలకడానికి నామాన్నిచ్చి, నామం చెప్పుకునే వాళ్ళ మధ్య పుట్టించిన స్వామికి స్తోత్రం. చిన్న తిరుపతి కొండ మీద నిలబడి మా పల్లపు ఊళ్ళన్నిటినీ కనిపెట్టుకుని ఉన్నవాడికి, మా ఊరి గుళ్ళో మురళి పట్టుకుని నిలబడ్డ వేణుగోపాలుడికి నమస్కారం. నేను చెప్పబోయేది టీవీ రిమోట్ సంగతి. ఇంత చిన్నదానికి దేవుణ్ణి తలవాలా అనిపించవచ్చు. అత్తిలిలో మా నాన్నగారు భజన గోష్ఠి నడిపేవారు. ఏ మాట ఎత్తినా ముందు స్వామిని తలచుకోమని నాకు అయిదేళ్ళప్పుడే నేర్పారు. ఇప్పుడు మార్చుకోలేను.

మా అత్తవారి ఊరు గణపవరం దాటి కొల్లేరు వైపు వెళ్ళే దారిలో, చేపల చెరువుల మధ్య ఉంటుంది. మా మావగారు యాభై ఏళ్ళు ఆ వేణుగోపాలుడికి అర్చన చేశారు. నీటికాసుల వల్ల ఆయన రెండు కళ్ళూ పూర్తిగా పోయి నాలుగేళ్ళయింది. అర్చకత్వం మా ఆయన చేతికి వచ్చింది కానీ, ధనుర్మాసం గోష్ఠి మాత్రం మావగారిదే. ఆ నెల రోజులూ పొద్దున్న ఏడింటికి ఊళ్ళో ఆడవాళ్ళు మా వసారాలో కూర్చుంటారు. ఆ రోజు పాశురానికి ఆయన అర్థం చెబుతారు.

కళ్ళు పోయాక గ్రంథం తిరగేయడం కుదరక, ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నారు. తెల్లవారకముందే ఒక భక్తి చానెల్లో ఆ రోజు పాశురం మీద ఒక పెద్దాయన ఉపన్యాసం వస్తుంది. అది విని, తను చదువుకున్నదంతా దానితో సరిచూసుకుని, అప్పుడు చెప్పేవారు. సెట్‌టాప్ బాక్సు ఎప్పుడూ ఆ చానెల్ మీదే ఉంటుంది. టీవీ చాలా పాతది, వెనక డొప్ప ఉన్న రకం. గోడ స్విచ్ వేస్తే ఏ చానెలూ లేని చోట హోరుమంటూ వస్తుంది. రిమోట్ మీద ఏవీ బొత్తాం నొక్కితేనే బాక్సులోని బొమ్మా మాటా వస్తాయి. టీవీ ముందున్న బొత్తాలు ఎప్పుడో లోపలికి కుంగిపోయాయి. అందుకని అంతా ఆ రిమోట్ మీదే ఆధారపడి ఉంది.

ఈసారి ధనుర్మాసానికి పది రోజులుందనగా రిమోట్ పలకడం మానేసింది. తెరిచి చూస్తే బ్యాటరీలు కారి, స్ప్రింగులు పచ్చగా తుప్పు పట్టి ఉన్నాయి. గీకి, కొత్త బ్యాటరీలు వేశాను. రిమోట్ ముక్కు దగ్గర ఫోను కెమెరా పెట్టి చూడమని మా అబ్బాయి హాస్టల్ నుంచి చెప్పాడు. రిమోట్ బాగుంటే, మన కంటికి కనబడని వెలుగు ఫోనులో ఊదారంగు చుక్కలా కనిపిస్తుందట. చుక్క రాలేదు.

కొత్త టీవీ కొందామన్నారు మా ఆయన. దాంట్లో తెర మీద గళ్ళు చూసుకుంటూ వెతుక్కోవాలి. ఫోనూ అంతే, ఆ అద్దం మీద వేలికి తగిలేది ఏమీ ఉండదు. పోనీ ఎవరైనా పెట్టిద్దామా అంటే, ఆ వేళకి మా ఆయన గుళ్ళో ఉంటారు. నేను మడి కట్టుకుని స్వామికి పొంగలి వండుతుంటాను. అది దించి గుడికి పంపేదాకా వంట గిన్నెలు తప్ప మరొకటి ముట్టుకోను. ఇంట్లో ఇంకెవరూ లేరు.

మూడో రోజు భోజనం దగ్గర మావగారు అన్నారు.

"ఈ ఏడు గోష్ఠి మానేద్దాం అమ్మాయ్. వినకుండా చెబితే ఎక్కడో ఒకచోట మరిచిపోతాను. మరిచిపోయి తప్పు చెబితే, వాళ్ళు అదే నిజమనుకుని ఇళ్ళకి పట్టుకెళ్తారు."

ఆయన గొంతులో ఏ బాధా లేదు. ఉంటే బాగుండుననిపించింది. అంతకు ముందు ఏ ధనుర్మాసమూ ఆ గోష్ఠి ఆగలేదు.

మర్నాడు ఆయన కంటి చుక్కల మందుకోసం ఏలూరు వెళ్ళినప్పుడు, పవర్‌పేటలో ఒక కొట్లో అన్ని టీవీలకీ పనికొస్తుందనే రిమోట్ తెచ్చాను. దానితో చీమ తలకాయలంత అక్షరాలతో ఒక కాగితం ఇచ్చారు. ఒక్కో కంపెనీ పేరు ఎదురుగా మూడేసి అంకెల కోడ్‌లు. మా టీవీ మీదున్న పేరుకి పద్నాలుగు కోడ్‌లున్నాయి. అన్నీ కొట్టాను. ఫోనులో చూస్తే కొత్త రిమోట్ ఊదారంగు చుక్క చక్కగా వెలుగుతోంది. టీవీ మాత్రం కదలదు, మెదలదు.

ఇక లాభం లేదని, ఒకప్పుడు ఆ టీవీ బాగుచేసిన తాడేపల్లిగూడెం మెకానిక్‌కి ఫోను చేశాను.

"ఏవండీ, దాంట్లో ఇప్పుడు ఆ కంపెనీది ఏముందండీ, పెట్టె తప్ప? పిడుగు పడి బోర్డు మాడిపోతే నేనే వేరేది వేశాను కదండీ."

ఏ బోర్డు అని అడిగితే, అప్పట్లో ఏది దొరికితే అది వేసేవాళ్ళమన్నాడు. పైన రాసున్న పేరు వదిలెయ్యమన్నాడు. రిమోట్ మీద సెట్ బొత్తాం చాలాసేపు పట్టుకుంటే అది వెతుకులాటలో పడుతుందట. తరవాత పవర్ బొత్తాం ఒక్కొక్కసారి నొక్కినప్పుడల్లా ఒక్కో కోడ్ పోతుంది. టీవీ ఆరిపోయిన చోట ఆగి ఓకే నొక్కాలి. ఎన్ని నొక్కులు పడతాయో చెప్పలేనన్నాడు. "ఓపికుండాలండి అంతే" అని పెట్టేశాడు.

మధ్యాహ్నం పని తెముల్చుకుని కూర్చున్నాను. వెతికేది టీవీ కోడ్ కాబట్టి బాక్సు స్విచ్ తీసేశాను. టీవీ హోరుమంటోంది. మావగారు పక్కనే పడక్కుర్చీలో ఉన్నారు. ఏ పనైనా పదేపదే చేయాల్సి వస్తే నా నోరు ఊరుకోదు. కేశవ అని ఒక నొక్కు, నారాయణ అని ఒక నొక్కు. ఇరవై నాలుగు నామాలూ అయ్యాయి. మళ్ళీ కేశవ నుంచి ఎత్తుకున్నాను. ఎక్కడో మధ్యలో టీవీ ఆరిపోయింది. నాకు వెంటనే తోచింది, కరెంటు పోయిందని. చెరువుల్లోకి గాలి కొట్టే ఏరియేటర్ల మోటార్లు తిరిగే ఊరు మాది, మధ్యాహ్నం కరెంటు పోవడం మామూలే. చలికాలం గనక ఫ్యాను లేదు, పట్టపగలు గనక లైటు లేదు. టీవీకుండే ఎర్రదీపం మాడిపోయి ఏళ్ళయింది. ఊపు మీద ఇంకో రెండు నామాలు, రెండు నొక్కులు పూర్తి చేసి, రిమోట్ స్టూలు మీద పెట్టేసి, కరెంటు వచ్చేదాకా ఒత్తులు చేసుకుందామని లేచాను.

"ఎందుకాపావు?" అన్నారు మావగారు.

"కరెంటు పోయిందండి."

"పోలేదమ్మా. వంటింట్లో ఫ్రిజ్ మోగుతూనే ఉంది."

నేను అక్కడే నిలబడిపోయాను. కోడ్ దొరికింది, దాన్ని దాటేసి పారేసుకున్నాను. స్టూలు మీద రిమోట్ వెతుకులాటలోంచి కూడా బయటికి వచ్చేసింది. ఎన్నో నొక్కో నాకు లెక్క లేదు. ఆ మాటే చెప్పాను, తప్పు చేసినదానిలా.

"నాకు తెలుసుగా" అన్నారాయన. "రెండో ఆవృత్తిలో అనిరుద్ధ అన్నావు, హోరు ఆగింది. తరవాత పురుషోత్తమ, అధోక్షజ అని లేచావు."

నేను నోటికొచ్చినట్టు చెప్పుకుపోతుంటే, ఆయన ఒక్కొక్క నామాన్నీ మనసులో నాతోపాటే అనుకుంటూ వచ్చారన్నమాట.

గోడ స్విచ్ తీసి వేసి, మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నామాలు ఆయన చెప్పారు, నేను నొక్కాను. తొందరపడకుండా, సంధ్యావందనంలో చెప్పినట్టే చెప్పారు. రెండో ఆవృత్తిలో ప్రద్యుమ్న అయింది. అనిరుద్ధ అన్నారు. టీవీ ఆరిపోయింది. ఓకే నొక్కాను.

"ఇన్నేళ్ళు నామం చెప్పాను గానీ, ఏదైనా ఆరిపోవాలని చెప్పడం ఇదే మొదలు" అని నవ్వారు.

ఆ కోడ్‌తో శబ్దం పెరిగింది, తగ్గింది. ఏవీ అని రాసున్న బొత్తాం మాత్రం ఉలకలేదు. మిగిలినవన్నీ ఒక్కొక్కటీ నొక్కి చూస్తే, అట్టడుగు వరసలో ఏమీ రాయని చిన్న బొత్తాం ఆ పని చేసింది. వేలికి తెలియడానికి దాని మీద నా స్టిక్కర్ బొట్టు ఒకటి అంటించాను. పది రోజుల్లో మిగిలిన రోజులన్నీ ఆయన ఆ బొత్తాం తడిమి నొక్కడం సాధన చేస్తూ గడిపారు. నెల పట్టడానికి ముందురోజు సాయంత్రం నాతో అన్నారు.

"రేపు వంటింట్లోంచి ఏమీ అందించకు. నువ్వు చెబితే వచ్చేది ఆ ఒక్కరోజుకే."

మర్నాడు పొంగలి గిన్నె దగ్గర నిలబడి విన్నాను. స్విచ్ టక్కుమంది. హోరు వచ్చింది. తరవాత ఏమీ లేదు, నిశ్శబ్దం. బొట్టు బొత్తాం అనుకుని పవర్ నొక్కారని నాకు తెలుసు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. అందించవద్దన్న ఆయన మాట గుర్తొచ్చి గరిటె తిప్పుతూ ఉండిపోయాను. మళ్ళీ హోరు. ఈసారి అది ఎంతకీ ఆగలేదు. రిమోట్ కింద పడిన చప్పుడైంది. నేల తడుముతున్నారు. పెసరపప్పు అడుగంటుతోందేమోనని మంట తగ్గించాను, కానీ గడప దాటలేదు. స్వామీ, ఆయన వేలు పట్టుకో అన్నాను. అంతకన్నా పెద్ద ప్రార్థన రాలేదు నాకు.

హోరు పోయి, ఉపన్యాసం చెప్పే పెద్దాయన గొంతు వినిపించింది. అప్పటికే మొదలైపోయింది, రెండు మాటలు పోయినట్టున్నాయి.

ఏడింటికి వసారా నిండింది. మావగారు మధ్యలో ఒకచోట ఆగి, కాసేపు తడుముకుని, అందుకున్నారు.

ఇది రాస్తున్ననాటికి పందొమ్మిది పాశురాలు పూర్తయ్యాయి. ఇంకా పదకొండున్నాయి. ఆయనకి ఈమధ్య దగ్గు పట్టుకుంది. చదువుతున్న మీరు కూడా ఒక్క క్షణం చేతులు జోడించి నాతోపాటు అడగండి: ఓ నారాయణా, విన్నది విన్నట్టు చెప్పే ఆ గొంతుని, మిగిలిన పదకొండు ఉదయాలూ నిలబెట్టు తండ్రీ.