ఒక షూ ఇక్కడ, ఒక షూ అక్కడ

ఓడను తుఫాను ముంచిందని విన్నాం, బండరాయి ముంచిందని విన్నాం. నేను మాత్రం ఒక్క షూతో మా ఓడ ప్రయాణాన్ని ముంచబోయాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో అందరూ ఎప్పుడో నవ్వేశారు, ఇక మీరే మిగిలారు.

ముందు మా ఇంటి చట్టం ఒకటి చెప్పాలి. మాది తమిళనాడులో తిరుత్తణి పక్కన పళ్ళిపట్టు, ఇంట్లో మాత్రం తెలుగే. తిరుత్తణి మురుగన్ కొండకు ఎప్పుడు వెళ్ళినా మా అమ్మ నా కుడి చెప్పును టెంకాయల అంగడి దగ్గర, ఎడమ చెప్పును అవతల పూలంగడి దగ్గర విడిచిపెట్టించేది. "ఒంటి చెప్పును ఏ దొంగ ఎత్తుకపోతాడే?" అనేది. నిజంగానే మా ఇంట్లో ఒక్క చెప్పూ పోలేదు. దాంతో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో మనుషుల మీద అంత అనుమానం పట్టుకుంది.

నాలుగేళ్ళ కిందట మా బావకు ఫ్యాక్టరీవాళ్ళు చెన్నై నుంచి శ్రీలంకకు ఓడ ప్రయాణం బహుమతిగా ఇచ్చారు. బావ అంటే మా ఆయనే. మేనత్త కొడుకు, పెళ్ళయినా పిలుపు మారలేదు.

"ఊరికే యాల ఇస్తారు బావా? దీంట్లో ఏందో ఉంది."

"ఇరవై ఏండ్లు పని చేసినా గదమ్మే!"

నాకు నమ్మకం కుదరలేదు. ఓడలో నిమ్మరసం ఇచ్చినా వాసన చూశాకే తాగాను.

శ్రీలంకలో త్రికోణమలై రేవులో దిగేటప్పుడు మైకులో మూడుసార్లు చెప్పారు. నాలుగింటికల్లా గేటు దగ్గర ఉండాలి, ఓడ కార్డు చూపించకపోతే ఎక్కనివ్వరు. మా ఇద్దరి కార్డులూ నా దగ్గరే ఉన్నాయి. బావ చేతికిస్తానా?

రేవు బయట యోగన్ అనే ఆటో డ్రైవరు మా అరవం విని ఏ ఊరని అడిగి, మొహమంతా నవ్వు చేసుకున్నాడు. "తిరుత్తణి పక్కనా అక్కా! మా అమ్మకు ఆ మురుగన్ అంటే ప్రాణం" అన్నాడు అరవంలోనే.

నేను గబుక్కున తెలుగులోకి దిగాను. "బావా, తేనె పూస్తా ఉండాడు. జాగర్త."

"నీకు నవ్వినోళ్ళంతా దొంగలేనా?"

"నవ్వని దొంగ యాడన్నా ఉంటాడా?"

అయినా అతని ఆటోలోనే సముద్రం ఒడ్డుకు చేరాం. అక్కడ ఎండ ఫెళ్ళున కాస్తోంది. బావ అప్పుడే మోకాలిలోతు నీళ్ళలో ఉన్నాడు. నాకూ దిగాలని ఉంది. కానీ కార్డులు? చేతిసంచిలో ఉంటే సంచితో సహా పోతాయి. యోగన్‌కు ఇస్తే యోగన్‌తో సహా పోతాయి. అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. కార్డులు రెండూ సాక్సులో చుట్టి ఎడమ షూలో కుక్కి, కొబ్బరిచెట్టు మొదట్లో పెట్టాను. కుడి షూను వంద అడుగుల అవతల బోర్లించిన పడవ పక్కన వదిలాను. నా తెలివికి నాకే ముచ్చటేసింది.

నీళ్ళలో ఉన్నంతసేపూ సముద్రాన్ని చూస్తే ఒట్టు. యోగన్‌నే చూశాను. మూడింటికి అతను పడవ దగ్గరికి వెళ్ళాడు. వంగాడు. షూ తీసుకున్నాడు. అటూ ఇటూ చూసి పరుగెత్తాడు!

"దొంగ! దొంగ! పట్టుకోండి!" అని తెలుగులోనూ అరవంలోనూ అరిచాను. తీరమంతా తిరిగి చూసింది. యోగన్ మొహం పాలిపోయింది.

"అక్కా, అల వచ్చి తడిపేస్తా ఉంది. దీని జోడు యాడుందో అని వెతుకుతా ఉండా."

"దాన్ని నేనే దాచినాలే" అంటూ దర్జాగా కొబ్బరిచెట్టు దగ్గరికి నడిచాను. అక్కడ చెట్టుంది. షూ లేదు.

"బావా, కార్డులు!"

"సంచిలో గదా ఉండాయి?"

"షూలో."

"షూ యాడ?"

ఖాళీగా ఉన్న చెట్టు మొదలు చూపించాను. బావ ఇసుకలో కూలబడ్డాడు. "ఓడ పోతే పళ్ళిపట్టుకు ఈత కొట్టుకుంటా పోదాం పా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

నేను దొంగ అన్న ఆ యోగనే కుడి షూ చేత్తో పట్టుకుని, "ఇదుక్కు జోడి పాత్తీంగళా?", దీని జోడు చూశారా అని కనిపించిన ప్రతి మనిషినీ అడుగుతూ పరుగెత్తాడు. చివరికి తీరం ఊడ్చే ఒకావిడ తన చెత్తగోతాం బోర్లించింది. టెంకాయ చిప్పల మధ్య నా ఎడమ షూ! సాక్సులో కార్డులు రెండూ భద్రంగా ఉన్నాయి.

"రెండూ ఉండుంటే ముట్టేదాన్నే గాదమ్మా. ఒంటిది గదా, పారేసినారనుకున్నా" అందావిడ.

ఆటోలో నా తల పైకి లేవలేదు. "తమ్ముడూ, తప్పయిపోయింది" అన్నాను.

"పర్వాలేదక్కా. తిరుత్తణిలో మా అమ్మ పేరున ఒక దణ్ణం పెట్టు, చాలు."

నాలుగింటికి ఐదు నిమిషాలుందనగా గేటు చేరాం. ఓడ కమ్మీ పట్టుకుని సముద్రం సాక్షిగా ప్రమాణం చేశాను. ప్రాణం పోయినా ఇక జతను విడదీయను, మనిషిని ముందు నమ్మి తర్వాతే అనుమానిస్తాను.

ఊరికి రాగానే తిరుత్తణి కొండెక్కాను. జీవితంలో మొదటిసారి రెండు చెప్పులూ పక్కపక్కనే విడిచాను. యోగన్ వాళ్ళమ్మ పేరున తృప్తిగా దణ్ణం పెట్టుకుని వచ్చి చూస్తే, రెండూ లేవు.

మిట్టమధ్యాహ్నం. మెట్లు పెనంలా కాలుతున్నాయి. బావ తన చెప్పులు తీరిగ్గా తొడుక్కుని, "ఇప్పుడేమంటావమ్మే?" అన్నాడు.

ప్రమాణం ప్రమాణమే కదా! ఒంటికాలి మీద గెంతుతూనే చెప్పాను.

"యాడున్నా జతగా ఉండాయి గద బావా!"