బద్దలు కట్టిన కాళ్ళు

చిత్తూరు అవతల మామిడితోటల మధ్య ఉన్న అనాథాశ్రమంలో నేను ఆయాగా చేరేనాటికి రెండో ప్రపంచ యుద్ధం ఇంకా ముగియలేదు. నాకు ఇరవై రెండేళ్ళు. భర్త పోయి ఏడాది అయింది. వంటపని ఇస్తారనుకుని వెళితే, కాళ్ళూ చేతులూ సరిగా లేని పిల్లల గది చూపించి, వీళ్ళకు స్నానాలు చేయించి తిండి పెడితే చాలన్నారు. అంతకుమించి వాళ్ళకు ఏమైనా చేయవచ్చని అక్కడ ఎవరికీ తోచినట్టు లేదు.

ఆ గదిలో ఆరేళ్ళ ఆడపిల్ల ఒకతె ఉండేది. తిరుపతిలో ఏదో సత్రం వసారాలో వదిలేసి పోతే పోలీసులు తెచ్చి అప్పగించారట. జ్వరం వచ్చి రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. మోకాళ్ళు ముడుచుకుపోయి, చేతుల మీద పాకేది. ఆమె అరచేతులు నా అరికాళ్ళకంటే మొరటుగా ఉండేవి.

నెలకోసారి రాయవేలూరు ఆసుపత్రి నుంచి ఒక నర్సమ్మ వచ్చేది. నాకు ఆ విద్య నేర్పింది ఆమే. కంబళి ముక్కలు వేడినీళ్ళలో ముంచి, పిండి, తొడలకు చుట్టాలి. కండ మెత్తబడ్డాక మోకాలిని కొద్దికొద్దిగా చాచాలి. చాచిన కాలు మళ్ళీ ముడుచుకోకుండా వెదురు బద్దలు కట్టాలి. ఇలా రోజుకు మూడుసార్లు. పిల్ల ఏడిస్తే కాసేపు ఆపు, మానెయ్యవద్దు అని చెప్పింది. మొదట్లో ఆ పిల్ల నన్ను చూస్తేనే మంచం కిందికి దూరేది. ఒకసారి మణికట్టు కొరికింది. తర్వాత తర్వాత నేను ఆలస్యం చేస్తే తనే కంబళి ముక్కలు లాక్కొచ్చి ముందు పెట్టేది.

అలా పదహారు నెలలు గడిచాయి. నర్సమ్మ గీసిచ్చిన బొమ్మ చూసి చంద్రగిరి వడ్రంగి ఒకాయన తోలుపట్టీలతో చెక్క బద్దలు చేసిచ్చాడు. అవి బిగించుకుని, గోడకు చేయి ఆనించి, ఒక ఉదయం ఆ పిల్ల లేచి నిలబడింది. కిటికీలోంచి బయటికి చూసింది. నేలమీద నుంచి చూస్తే ఆ కిటికీలో ఆకాశం తప్ప ఏమీ కనబడదు.

"అక్కా, ఆడ బాయి ఉండాది," అంది.

ఆ బావి నీళ్ళతోనే రోజూ ఆమెకు కాపడం పెట్టేదాన్ని.

ఆశ్రమం నడిపే కమిటీ పెద్దలు వచ్చిన రోజు ఎవరూ అడగకముందే నేనే ఆమెకు తల దువ్వి, వసారాలో ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిపించాను. నా గొప్ప నలుగురికీ కనబడాలని. అందరూ చప్పట్లు కొట్టారు. అధ్యక్షుడు మాత్రం, "బాగైపోయింది గదా, ఇంక ఈ బిడ్డ ఈడెందుకు?" అన్నాడు. పలమనేరులో ఆయనకు తెలిసినవాళ్ళు పాడి పెట్టుకున్నారట, చేతికింద ఒక పిల్ల కావాలన్నారట. బద్దలు ఇంకా కొన్నేళ్ళు వదలకూడదని, కాలు పెరిగేకొద్దీ కొత్తవి చేయించాలని, కాపడం ఆపితే మళ్ళీ ముడుచుకుంటాయని చెప్పాను. అన్నీ వాళ్ళకు చెబుతామన్నారు. నర్సమ్మ వచ్చేలోపలే పంపించేశారు.

నాకు సెలవు దొరికి పలమనేరు వెళ్ళేసరికి అయిదు నెలలయింది. పిల్ల పశువుల కొట్టంలో పాకుతూ పేడ ఎత్తుతోంది. బద్దలు ఎక్కడున్నాయని ఇంటావిడను అడిగాను.

"అవి కట్టుకుంటే వంగలేదమ్మా. తీసేస్తే బిరబిరా చేస్తాది," అంది. చెడ్డ మనిషి కాదు. నాకు మజ్జిగ ఇచ్చింది. అటక మీద నుంచి బద్దలు దించి, కొంగుతో దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టింది.

కట్టబోతే మోకాళ్ళు సాగలేదు. పిల్ల నా చేతులు పక్కకు తోసింది.

"నడవమన్నావు, నడిచినాను. నడిచినందుకే గదక్కా పంపించేసినారు," అంది. ఏడవలేదు. తట్ట లాక్కుంటూ ఆవుల వెనక్కి పోయింది.

తిరిగి తీసుకొమ్మని అధ్యక్షుణ్ణి బతిమాలాను. ఒక ఇంట్లో కుదిరిన పిల్లను వెనక్కి తేవడం పద్ధతి కాదన్నాడు. ఆమె మంచం అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు.

నేను ఆ ఉద్యోగం మానలేదు. పోవడానికి వేరే చోటు లేదు. కాపడాలు పెట్టాను, బద్దలు కట్టాను, మరో ఇద్దరిని నిలబెట్టాను. కమిటీ వచ్చే రోజు మాత్రం బద్దలు దాచేసి, చాపమీద పడుకోండి, లేవవద్దు అని వాళ్ళను బెదిరించేదాన్ని. ఎందుకని అడిగితే కసిరేదాన్ని.

మరుసటి ఏడు మళ్ళీ పలమనేరు వెళితే ఆ ఇంటికి తాళం వేసి ఉంది. మైసూరు వైపు వెళ్ళిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. పిల్లను వెంట తీసుకుపోయారా అని అడిగాను. ఆవులను తోలుకుపోవడం చూశామని, పిల్ల సంగతి గమనించలేదని అన్నారు.